పల్లెకు వచ్చు పరిశోధకుడు



మీ గ్రామమునకు ఒకనాడు ఒక యువకుడో, యువతియో వచ్చును. భుజమున సంచి, చేతిలో కాగితములు, కలము. రచ్చబండ యొద్ద కూర్చున్న పెద్దలకు నమస్కరించి, "తాతగారూ, మీ ఊరి అమ్మవారి జాతర ఎప్పటినుండి జరుగుచున్నది? ముందుగా ఘటము నెత్తువా రెవరు? పీర్లపండుగకు మీరును పోవుదురా?" అని యడుగును. ఆ వచ్చినవాడు పన్ను వసూలుచేయు ఉద్యోగి కాడు. ఓట్లడుగ వచ్చినవాడును కాడు. సరకు లమ్మువాడు అంతకన్న కాడు. మరి యేల వచ్చినట్లు? పెద్దలు ఒకరి మొగ మొకరు చూచుకొందురు. ఒకరు "మా యూరి గుట్టు వీని కేల?" యని మౌనము వహింతురు. మరియొకరు ఉన్నదానికి రెండింతలు చేర్చి చెప్పి పంపుదురు. ఈ రెండును గ్రామమునకు నష్టమే. ఎందుచేత నష్టమో, ఆ వచ్చినవాడు చేయు పని యెట్టిదో, వానితో మన మెట్లు వ్యవహరింపవలయునో విన్నవించుటయే నేటి నా ప్రసంగమున కుద్దేశము. నేనును ఒకప్పు డట్లు సంచి తగిలించుకొని పల్లెకు పోయినవాడనే గనుక, ఆ పనిలోని మేలును, అందలి పొరపాట్లును కొంత యెరుగుదును.

మొదట ఆ పని యేమో చెప్పెదను. విశ్వవిద్యాలయములలో ఎం. ఏ. పట్టము పొందిన పిదప, ఇంకను చదువదలచినవారు డాక్టరు పట్టమునకై పరిశోధన చేయుదురు. వైద్యము చేయు డాక్టరు వేరు, ఈ డాక్టరు వేరు. ఈ విద్యార్థి తనకు ముం దెవ్వరును సరిగా తేల్చని యొక ప్రశ్నను ఎన్నుకొనును. ఒక ఆచార్యుని పర్యవేక్షణమున కొన్ని సంవత్సరములు శ్రమించి, తాను కనుగొన్నదానిని ఒక సిద్ధాంతగ్రంథముగా వ్రాసి పరీక్షకుల కర్పించును. వారు దానిని పరిశీలించి, ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించి, తృప్తి నొందినచో పట్టము నిత్తురు. చరిత్ర, సాహిత్యము, సామాజికశాస్త్రము, మానవశాస్త్రము, మతములను గూర్చిన అధ్యయనము – ఈ శాఖలలో చదువువారికి మనుష్యుల కూడికయే, మనుష్యుల నమ్మకములే, ఆచారములే పరిశోధనావస్తువులు. రసాయనశాస్త్రజ్ఞునికి ప్రయోగశాల యెట్టిదో, వీరికి గ్రామ మట్టిది. కాని యొక భేదము కలదు. ప్రయోగశాలలోని ద్రావకము తన్ను గూర్చి వ్రాసినది చదువజాలదు. గ్రామము చదువగలదు, బాధపడగలదు, "ఇది తప్పు" అని చెప్పగలదు. ఈ భేదమును పండితులు గుర్తించుటకు చాలకాలము పట్టినది.

మన తెలుగుదేశమున గ్రామవృత్తాంతములను సేకరించు పని క్రొత్తది కాదు. కల్నల్ కాలిన్ మెకంజీ యను ఇంగ్లీషు కొలువువాడు (1754–1821) దక్షిణదేశమంతట శాసనములను, వ్రాతప్రతులను, స్థలచరిత్రములను ప్రోగుచేయించెను. ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు మన తెలుగువారే. కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను సోదరులు. బొర్రయ్య 1803లో చిన్నవయసుననే గతించెను. తమ్ములు ఆ పనిని కొనసాగించిరి. అట్లు లభించినవే కైఫీయతులు. ఒక గ్రామమునకు ఆ పేరెట్లు వచ్చినదో, ఏ రాజు ఏ గుడికి మాన్యమిచ్చెనో, చెరువు నెవరు త్రవ్వించిరో వానియందు కలదు. అవి లేనిచో నేడు అనేక గ్రామముల పూర్వచరిత్ర మనకు దక్కెడిది కాదు. అయితే ఆ వృత్తాంతములను చెప్పినవారు, వ్రాసియిచ్చినవారు హెచ్చుగా కరణములు. కనుక గుడి మాన్యము తెలిసినంతగా ఆ మాన్యము దున్నినవాని బ్రతుకు మనకు తెలియలేదు. అది వారి దోషమని నే ననను. అడిగినవాడు ఎవరి నడిగెనో, వారి కంటికి కనబడినంతయే కాగితము పైకి వచ్చును. ఈ మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు; మరల దీని యొద్దకే వత్తును.

తరువాత మరియొక విధమైన పరిశోధన వచ్చెను. మద్రాసు మ్యూజియము నధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారిగారి సహాయమున, దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. అందు అనేకాచారములు వర్ణింపబడినవి. నేటికిని పండితులు వానిని జాగ్రత్తతో వాడుచున్నారు. కాని ఆయన మనుష్యుల తలలను, ముక్కులను కొలబద్దతో కొలిచి, ఆ కొలతలనుబట్టి కులములను వరుసపెట్ట జూచెను. ముక్కు కొలత మనుష్యుని యోగ్యతను తెలుపదని, ఆ మార్గము శాస్త్రము కాదని తరువాతివారు తేల్చి దానిని విడిచిరి. కొలబద్దకు లోనైన మనిషికి కలిగిన అవమానము మాత్రము కొలతకు రాలేదు. పల్లెలవారు నేటికిని కాగితము, కలము పట్టినవానిని అనుమానముతో చూచుటకు ఇట్టి పూర్వానుభవములును కొంత కారణమని నా యభిప్రాయము.

ఇక మూడవ మార్గము. పోలండుదేశమున పుట్టిన మాలినోవ్‌స్కీ యను పండితుడు 1915 మొదలు 1918 వరకు గల కాలమున పసిఫిక్ సముద్రములోని ట్రోబ్రియాండు దీవులలో రెండుమారులు దీర్ఘకాలము నివసించెను. ఆ జనుల నడుమనే గుడారము వేసికొని, వారి భాష నేర్చి, వారి పంటలను, పడవ ప్రయాణములను, పూజలను, తగవులను దినదినమును చూచి వ్రాసికొనెను. ఒకనా డడిగి మరునాడు పోవుట గాక, ఏడాది పొడుగున చూచుట యను పద్ధతి ఆయన గ్రంథముతో గట్టిపడినది. నేడు మీ గ్రామమునకు వచ్చు విద్యార్థి నెలల తరబడి మకాముచేయుట ఈ పద్ధతి ననుసరించియే. వాడు పనిలేక తిరుగుచున్నాడని తలంపవలదు. పండుగనాడు అందరును ఏమి చేయుదురో చూచినంత చాలదు. పండుగ లేనినాడు ఒకరితో నొక రెట్లు మెలగుదురో కూడ చూడవలయును.

మన దేశమున ఈ విద్యకు వన్నె తెచ్చినవారిలో మైసూరువాడైన ఎం. ఎన్. శ్రీనివాసుగారు (1916–1999) ముఖ్యులు. ఆయన బొంబాయిలో ఘుర్యే ఆచార్యుని శిష్యుడు. గురువు ప్రోత్సాహమున కొడగుదేశమునకు పోయి, అచ్చటి కొడవవారి యాచారములను సేకరించి పెద్ద సిద్ధాంతగ్రంథమును వ్రాసి 1944లో డాక్టరు పట్టము పొందెను. పిమ్మట 1945లో ఆక్స్‌ఫర్డునకు పోయెను. అచ్చటి ఆచార్యుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఆ సామగ్రినే మరల తీసికొని, ఆచారములకును సంఘముయొక్క కట్టుబాటునకును గల సంబంధ మేమని విచారింపుమని చెప్పెను. పాత సామగ్రియే, ప్రశ్న మాత్రము క్రొత్తది. బియ్యము అవే యైనను అత్తెసరు వేరు, పులిహోర వేరు గదా!

ఆ క్రొత్త ప్రశ్నతో చూచినపుడు ఆయనకు కనబడిన దేమి? కొడవవారికి ఒక్క యను ఉమ్మడి కుటుంబము కలదు. ఆ కుటుంబమునందు బ్రతికియున్నవారే గాక, గతించిన పెద్దలును చేరినవారే. పితరులకు పెట్టు నైవేద్యము, పెద్దయింటి దీపము, పెండ్లి, పంట పండుగ – ఇవన్నియు ఒకదానికొకటి సంబంధము లేని వేడుకలు కావు. ఆ కుటుంబమును, ఊరిని, నాడును నిలిపియుంచు త్రాళ్ళు. వారును మనవలెనే మడి యను మాటను వాడుదురు. మైలను పొలె యందురు. ఎప్పుడు మడి, ఎప్పుడు మైల యని విచారించినచో ఆ సంఘమున ఎవరు ఎవరికి దగ్గరయో, ఎవరు దూరమో తెలియవచ్చును. మంగళ మను సంస్కారము పెండ్లికే గాక, పెద్దపులిని చంపిన వీరునికిని జరుగుచుండెను. సంఘము ఎవరిని గౌరవించునో ఆ సంస్కారమే చెప్పుచున్నది. ఇట్టి విచారణతో వ్రాసిన గ్రంథమునకు 1947లో ఆక్స్‌ఫర్డువారు పట్టమిచ్చిరి. అది 1952లో అచ్చయినది.

ఆ గ్రంథముననే ఆయన సంస్కృతీకరణ మను మాటను ప్రచారమునకు తెచ్చెను. తక్కువయని యెంచబడిన కులమువారు పై కులములవారి యాచారములను అవలంబించి, మద్యమాంసములను విడిచి, ఒకటి రెండు తరములలో తమ స్థానమును పెంచుకొన జూచుటను ఆయన ఆ మాటతో సూచించెను. కొడవవారిలోనే అమ్మకొడవ లను శాఖవారు మాంసమును, మద్యమును మాని జందెము ధరించిరి. అయితే తరువాతి సంవత్సరములలో శ్రీనివాసుగారు తన మాటను తానే సవరించుకొనెను. జనులు అనుకరించునది ఎల్లప్పుడును బ్రాహ్మణులనే కాదు. ఒక ప్రాంతమున భూమియు, జనబలమును గలిగిన కులమువారిని కూడ అనుకరింతురని తెలిపెను. ఎదుట కనబడినది తన సిద్ధాంతమున కిమిడనపుడు, సిద్ధాంతమును మార్చుకొనవలయునే గాని కనబడినదానిని దాచరాదు. పరిశోధకుని నిజాయితీకి గీటురా యిదియే.

ఇక నా పొరపాటును చెప్పుకొనెదను. నేను విద్యార్థిగా నుండినపుడు ఒక గ్రామమున అమ్మవారి కొలువును గూర్చి వ్రాయబూనితిని. ఆ యూరి పెద్ద యొకాయన నన్ను తన యింటి వసారాలో నుంచుకొని, అన్నము పెట్టి, ఓపికతో అన్నియు చెప్పెను. ఆయన తాంబూల మిచ్చినగాని జాతర మొదలు కాదని చెప్పెను, నేనును కన్నులార చూచితిని, వ్రాసితిని. రెండు సంవత్సరముల తరువాత ఆ అధ్యాయమును రచ్చబండ యొద్ద పదిమందికి చదివి వినిపించితిని. అందరును తల లూచిరి. వెనుక వరుసలో చెట్టునకు చేరగిల నిలుచున్న రజకుల ముసలమ్మ యొకతె మెల్లగా నిట్లనినది: "అంతా బాగానే రాసినారు బాబూ. ముందురోజు రాత్రి మా ఇంటినుంచి దీపం పోకపోతే అమ్మ ఘటం లేవదు. ఆ మాట ఎక్కడా రాయలేదేం?"

నేను తెల్లబోయి పెద్దాయన వంక చూచితిని. ఆయన కొంచెమాలోచించి, "నిజమే. అది ఎప్పుడును జరుగునదే. చెప్పవలసిన మాటగా నాకు తోచలేదు" అనెను. ఆయన అబద్ధము చెప్పలేదు. దాచవలెననియు ననుకొనలేదు. దినమును మన గడపలోనికి వచ్చు గాలిని మనము చెప్పుకొందుమా? అట్లే ఆ దీపము. తప్పు ఆయనది కాదు. రెండు నెలలు ఆ యూర నుండియు రజకవాడలో ఒక పూటయైన కూర్చుండని నాది. ఆ రాత్రియే ఆ ముసలమ్మ యింటికి పోయి, దీపము సంగతి, దానితో పాడు పాట సంగతి, ఆ యింటివారికి రావలసిన గింజల సంగతి వ్రాసికొంటిని. చూడగా జాతర తాంబూలముతో గాక దీపముతో మొదలగుచున్నది. నా అధ్యాయమంతయు తిరుగవ్రాయవలసివచ్చినది. గ్రంథము పూర్తియై ప్రతిని తీసికొని నేను మరల ఆ యూరికి పోవునప్పటికి ఆమె లేదు. ఆమె కోడలి చేతిలో ఆ పుస్తకము పెట్టి వచ్చితిని. ఆ దీపమును గూర్చి నాలుగు పుటలు అం దున్నవి. ఆమె ఆనాడు నోరు విప్పకున్న అవి యుండెడివి కావు. అమ్మవారి సేవలో ఆ యింటికి గల స్థానము పుస్తకమున లేకుండ పోయెడిది. మరి యొక తరము గడచినపిమ్మట ఎవరైన "మీ కిందు భాగ మెక్కడిది? పుస్తకమున లేదే!" యని యడిగినచో వా రేమి చెప్పగలరు?

ఇట్టి లోపము నావంటి చిన్నవారికే కాదు, పెద్దలకును తప్పలేదు. శ్రీనివాసుగారు 1948లో మైసూరుదేశమున రాంపుర మను గ్రామమున మకాముచేసెను. రాంపుర మనునది ఆ గ్రామపు అసలు పేరు కాదు. అచ్చటివారికి ఇబ్బంది కలుగకుండ పెట్టిన మారుపేరు. ఆయన బ్రాహ్మణుడు, గ్రామపెద్ద ఆశ్రయమున నుండెను. అందుచేత ఆ యూరిని తాను పై కులములవారి వైపునుండియే హెచ్చుగా చూచితినని, హరిజనులతో తగినంతగా మెలగజాలకపోతినని తరువాత నిష్కపటముగా వ్రాసెను. ఆ గ్రామమును గూర్చి శుద్ధిచేసి సిద్ధపరచుకొన్న కాగితములు మూడు ప్రతులును 1970 ఏప్రిలు 24వ తేదీన అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు దుండగులు నిప్పుపెట్టగా కాలిపోయినవి. ఇరువది సంవత్సరముల శ్రమ! స్నేహితులొకరు జ్ఞాపకమున నున్నంతయు వ్రాయుమని ప్రోత్సహింపగా, ఆయన జ్ఞప్తినుండి వ్రాసిన గ్రంథము 1976లో వెలువడినది. కాగితము కాలినను మనుష్యులు మనస్సున నిలిచిరి. వారితో కలసి కూర్చుండిన దినములే ఆయనకు అక్కరకు వచ్చినవి.

మన తెలుగునాటికి వత్తము. బిరుదురాజు రామరాజుగారు మన జానపదగేయములను సేకరించి, విమర్శించి, 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందిరి. ఆ గ్రంథము 1958లో అచ్చయినది. విసురురాతి యొద్ద, నాట్లయందు, ఊయెల దగ్గర మన తల్లులు పాడినవానిని విశ్వవిద్యాలయము కావ్యములతోపాటు కూర్చుండబెట్టుట సామాన్యమైన మార్పు కాదు. అదే విశ్వవిద్యాలయమునం దుండిన ఎస్. సి. దూబే ఆచార్యుడు, 1951–52 సంవత్సరములలో అనేక శాఖల విద్యార్థులను వెంటనిడుకొని, హైదరాబాదునకు సమీపమున నున్న శామీరుపేటను పరిశోధించెను. 1955లో వెలువడిన ఆయన గ్రంథము ఒక తెలుగు గ్రామముయొక్క కుటుంబములను, వృత్తులను, దేవతలను, పండుగలను దేశదేశములవారికి తెలియజేసినది.

పల్నాటి వీరుల కథ మీ రందరును ఎరిగినదే. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదకావ్యమును 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ప్రకటించిరి. అయితే కారెంపూడిలో కార్తికమాసాంతమున జరుగు వీరుల ఉత్సవమున ఆ కథ వీరవిద్యావంతుల నోట జీవించుచున్నది. అమెరికావాడైన జీన్ రోగేర్ అను పరిశోధకుడు పల్నాటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య యను గాయకుడు పాడగా విని, ఆ కథను ఇంగ్లీషులోనికి మార్చి 1982లో ప్రకటించెను. కావ్యముండగా పాట యెందుకని కొంద రడుగవచ్చును. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసిన చాపకూడు, పుస్తకమున చదువువానికి ఒక సంగతి. తన పూర్వులు ఆ చాపపై కూర్చుండిరని నమ్మి పాడువానికి అది జీవితము. పరిశోధకుడు ఆ రెంటికి గల భేదమును కనిపెట్టుటకే వచ్చును.

మరియొక యుదాహరణము. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప పేర మొహరమునందు జరుగు పీర్లపండుగకు లక్షలాది జనులు వత్తురు. వారిలో హిందువులు అసంఖ్యాకులు. పీర్లచావిడికి సమీపమున ఆంజనేయస్వామి ఆలయ మున్నది. ఆ దినములలో కొందరు భక్తులు ఫకీరు దీక్ష వహించి నియమముతో నుందురు. తెలుగు కవియు, ఆచార్యుడు నైన అఫ్సర్ మహమ్మదుగారు ఈ పండుగను పరిశోధించి 2013లో ఇంగ్లీషున గ్రంథము ప్రకటించిరి. "ఇది హిందువులదా, ముస్లిములదా?" యని యొక్క మాటలో తేల్చుట ఆయన పని కాదు. ఆ భక్తులు తమ భక్తిని తా మెట్లు చెప్పుకొందురో వినుట ఆయన పని. ఇట్టి యాచారములు శుద్ధమైన ఇస్లాము కావని యాక్షేపించు ముస్లిములును కలరు. వారి మాటయు ఆ గ్రంథమున కలదు. తనకు నచ్చినవారి మాటనే వ్రాసినచో అది పరిశోధన కాదు, పక్షవాదము.

"అయ్యా, ఇంతయు బాగుగనే యున్నది. దీనివలన మా యూరికి బాట వచ్చునా? నీరు వచ్చునా?" యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. రాదు. వచ్చునని యెవరైన వాగ్దానము చేసినచో నమ్మవలదు. పరిశోధకునికి పట్టము వచ్చును, బహుశః కొలువును వచ్చును. గ్రామమునకు వెంటనే వచ్చునది యేమియు లేదు. కాని ఒకటి కలదు. మన ఆచారములను గూర్చి వ్రాత యెట్లును పుట్టుచునే యుండును. మన మెరిగినది మనము చెప్పనిచో, ఎరుగనివారు వ్రాసినదే మిగులును. రేపు మనుమలు పట్టణమునకో, విదేశమునకో పోయి, "మా తాతగారి యూరి జాతర యెట్టిది?" యని వెదకినపుడు వారికి దొరకునది ఆ వ్రాతయే. ఇరుగుపొరుగువారు కలసి చేసికొన్న పండుగను, కలసి యెన్నడును చేయలేదని యొకరు వాదించినపుడు సాక్ష్యము చెప్పునదియు ఆ వ్రాతయే. అట్లే, ఒక వాడవారిని గుడి మెట్టెక్కనీయని కాలము నిజముగా నుండినచో, దానిని తుడిచివేయక చెప్పుటయు ఆ వ్రాత ధర్మమే.

కనుక పెద్దలకు కొన్ని విన్నపములు.

మొదటిది: వచ్చినవానిని కూర్చుండబెట్టి, నీవెవరవు, ఏ విశ్వవిద్యాలయము, నీ ఆచార్యు డెవరు, నీ ప్రశ్న యేమి యని ముందు మీరే యడుగుడు. ఉత్తరము చూపుమనుడు. నేడు అనేక విశ్వవిద్యాలయములలో ఇట్టి పరిశోధనకు నీతి నియమములు కలవు. చెప్పువారి సమ్మతి లేక వ్రాయరాదు, వారి ధ్వనిని యంత్రమున నెక్కింపరాదు. అడుగుట మర్యాదకు లోపము కాదు, మీ హక్కు.

రెండవది: జరుగవలసినదానిని గాక, జరుగుచున్నదానిని చెప్పుడు. "మా యూర నందరును ఒకే మాట మీద నుందురు" అని చెప్పుట మనకు వాడుక. ఏ యూరనైన తగవు లుండును, సమాధానములు నుండును. తగవు ఎట్లు తీరినదో చెప్పుట గ్రామమునకు అప్రతిష్ఠ కాదు.

మూడవది: మీకు తెలియనిదానిని తెలిసినవారి యొద్దకు పంపుడు. పంబలవానిని, బైండ్లవానిని, కుమ్మరిని, రజకుని, మాలమాదిగ వాడల పెద్దలను, ముఖ్యముగా స్త్రీలను అడుగుమని మీరే చెప్పుడు. నోములు, పురిటి యాచారములు, ఊయెలపాటలు మగవారి నడిగి వ్రాసికొనిపోయిన పరిశోధకుని చూచి ఆడువారు నవ్వుకొందురు.

నాల్గవది: చెప్పరానిదున్నచో, "ఇది చెప్పరాదు" అని నిక్కముగా చెప్పుడు. మంత్రములు, కొన్ని పూజావిధులు, ఒక యింటి పరువునకు సంబంధించిన సంగతులు దాచుకొను హక్కు మీకు కలదు. కాని దాచుటకై మరియొకటి కల్పించి చెప్పవలదు. మౌనమును పరిశోధకుడు గౌరవింపగలడు. కల్పన పుస్తకమున కెక్కి నిజమై కూర్చుండును.

ఐదవది: వ్రాసినదానిని తిరిగి తెమ్మని మాట తీసికొనుడు. మీ పేరు వ్రాయవచ్చునో, మారుపేరు పెట్టవలయునో మీరే నిర్ణయింపుడు. మన దేశపు విశ్వవిద్యాలయముల సిద్ధాంతగ్రంథములలో అనేకములు నేడు శోధగంగ యను భాండాగారమున, ఎలక్ట్రానిక్ ప్రతులుగా, ఎవరైనను ఉచితముగా చదువుటకు వీలుగా నున్నవి. చదువుకొన్న మనుమని చేత మీ యూరి పేరు వెదకింపుడు. ఉన్నచో చదివించుకొని వినుడు. అందు తప్పున్నచో వ్రాసినవానికి జాబు వ్రాయుడు. నిజమైన పరిశోధకుడు ఆ జాబును చూచి కోపగింపడు. ఆ ముసలమ్మ మాటకు నేను ఋణపడినట్లే మీకును ఋణపడును.

నూతినీరు తోడినకొలది ఊరునని మన పెద్ద లందురు. గ్రామపు జ్ఞాపకమును అట్టిదే. అడిగినకొలది వచ్చును, అడుగనిచో పూడుకొనిపోవును. చేద పట్టుకొని వచ్చినవాడు పరాయివాడైనను వానిని గట్టునుండి తరిమివేయవలదు. ఏ వైపున లోతున్నదో, ఏ వైపున ఒండ్రున్నదో చూపి, తోడిన నీటిలో మొదటి చేద మన యూరివారికే పోయుమని చెప్పుడు.